గులకరాళ్ల చలి నేలల గురించి తెలియాలంటే వెబ్ సాయిల్ సర్వే చూడండి

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల నేలల మ్యాప్ వెబ్‌సైట్ ‘వెబ్ సాయిల్ సర్వే’ పూర్తిగా ఉచితం, మేత భూముల మీద పనిచేసే ఎవరికైనా నేను మొదట చెప్పేది దీని గురించే. మ్యాప్‌లో వయోమింగ్‌లోనో ఐడహోలోనో ఓ కొండవాలు చుట్టూ గీత గీస్తే అక్కడి నేలల పేర్లు వస్తాయి. ఆ పేరుతో అదే శాఖ ఇచ్చే సిరీస్ (అంటే ఒకే రకం పొరలున్న నేలల సమూహం) వివరణ తెరిస్తే ఒక్కో పొర రంగు, మందం, రాళ్ల శాతం అన్నీ దొరుకుతాయి.

‘లోమీ-స్కెలెటల్’, ‘ఆర్జిక్రయోల్స్’ లాంటి వర్గీకరణ పేర్లు చూసి టెన్షన్ పడకండి, అసలు సమాచారమంతా వాటిలోనే ఉంది: 2 మిల్లీమీటర్లు దాటిన రాళ్లు ఘనపరిమాణంలో కనీసం 35 శాతం, ఏడాది సగటు నేల ఉష్ణోగ్రత 0 నుంచి 8 డిగ్రీల లోపు, వేసవిలోనూ చల్లదనం, పైన గడ్డి వేర్లు కుళ్లి ఏర్పడిన ముదురు పొర, దాని కింద బంకమట్టి చేరిన పొర. రాళ్లు నీటిని పెద్దగా పట్టి ఉంచవు కాబట్టి నేలలో సగం గులకే అయితే గడ్డికి అందే తేమ కూడా దాదాపు సగమే, ఎన్ని పశువులను మేపాలో లెక్కేసేటప్పుడు చాలామంది వదిలేసేది ఇదే.

ఒక లోపం ఉంది. మ్యాప్‌లో ఒకే ముక్కగా కనిపించే చోట నిజానికి రెండు మూడు రకాల నేలలు కలిసి ఉండొచ్చు, మరీ జూమ్ చేస్తే ఆ స్కేలులో మ్యాప్ చెల్లకపోవచ్చని సైటే హెచ్చరిస్తుంది. కంచె వేసేముందు గుంట తవ్వి, 2 మిల్లీమీటర్ల జల్లెడతో మట్టి జల్లించి చూసుకోండి.