చలికాలం యూరప్‌లోనా, ఇంటిపట్టునా? డబ్ల్యూఎన్‌బీఏ గార్డ్‌కు ఏది మేలు?

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మేలో మొదలై అక్టోబరుకల్లా ముగిసిపోతుంది. మిగిలిన ఆరేడు నెలలు ఏం చేయాలన్నది 1997లో తొలి మ్యాచ్ ఆడినప్పటి నుంచీ క్రీడాకారిణుల ముందున్న ప్రశ్నే. మగవాళ్ల ఎన్‌బీఏలో ఆఫ్ సీజన్ అంటే విశ్రాంతి. ఇక్కడ మాత్రం చాలాకాలం అది రెండో ఉద్యోగం. టర్కీకో రష్యాకో ఇటలీకో వెళ్లి అక్కడి క్లబ్‌కు ఆడటం ఒక దారి, అమెరికాలోనే ఉండి ఒంటిని చూసుకుంటూ అక్కడి చిన్న లీగుల్లో ఆడటం ఇంకో దారి. పైకి ఇదంతా డబ్బు గొడవలా కనిపిస్తుంది. కానీ గార్డ్‌గా, అంటే బంతిని నడిపిస్తూ ఆడేవాళ్లు చూసుకోవాల్సిన లెక్క మరొకటుంది: ఏ దారిలో వెళ్తే బంతి ఎక్కువసేపు తన చేతిలో ఉంటుందన్నది.

ముందు డబ్బు సంగతే తేల్చేద్దాం. 2015లో ఫీనిక్స్ మెర్క్యురీ గార్డ్ డయానా టౌరాసీ ఏకంగా డబ్ల్యూఎన్‌బీఏ సీజన్‌నే వదిలేసింది. ఆ వేసవి విశ్రాంతి తీసుకోమని, దానికీ డబ్బిస్తామని రష్యా క్లబ్ యూఎంఎంసీ యెకాతెరిన్‌బర్గ్ అడిగింది. అప్పట్లో రష్యాలో ఆమెకు ఏడాదికి సుమారు 15 లక్షల డాలర్లు వచ్చేవని వార్తలు. ఫీనిక్స్ మెర్క్యురీలో వచ్చేది లక్షా ఏడు వేలు. ఆ తేడా ముందు ఏ అభిమాని మాత్రం ఆమెను తప్పుపట్టగలడు? ఇప్పుడు ఆ అంతరం బాగా తగ్గింది. లీగ్‌కు, ప్లేయర్ల సంఘానికి కుదిరిన 2020 ఒప్పందంతో డబ్ల్యూఎన్‌బీఏ గరిష్ఠ జీతం 2,15,000 డాలర్లకు పెరిగింది, 2022 తర్వాత అమెరికన్లకు రష్యా దారి దాదాపు మూసుకుపోయింది. కాబట్టి డబ్బొక్కటే చూసి యూరప్ వెళ్లాలన్న వాదన మునుపటంత బలంగా లేదు.

ఆట విషయానికొస్తే మాత్రం యూరప్‌ను తీసిపారేయలేం. మూడు పాయింట్ల గీత రెండు చోట్లా దాదాపు ఒకే దూరం, 6.75 మీటర్లు. తేడా అంతా గీత లోపలే. డబ్ల్యూఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ కాయకుండా పెయింట్‌లో, అంటే బాస్కెట్ ముందుండే రంగు వేసిన చోట, మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. యూరప్‌లో పాటించే అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాల్లో ఆ అడ్డు లేదు. ఎదుటి జట్టులో ఎత్తుగా ఉండే సెంటర్ బాస్కెట్ కిందే పాతుకుపోయి ఉండొచ్చు. అమెరికాలో మొదటి అడుగు వేగంతోనే లేఅప్ (బాస్కెట్ పక్కనుంచి వేసే షాట్) దాకా వెళ్లిపోయే గార్డ్‌కు యూరప్‌లో ఎదురుగా గోడ. అప్పుడు ఫ్లోటర్ (డిఫెండర్ చేతుల పైనుంచి ఎత్తుగా వేసే షాట్) నేర్చుకోవాలి, ఎడం వైపు నుంచి కుడి మూలకు పాస్ విసరడం నేర్చుకోవాలి, పిక్ అండ్ రోల్‌లో (తోటి ప్లేయర్ డిఫెండర్‌కు అడ్డు నిలిచి దారిచ్చే ఎత్తు) ఒకటికి రెండుసార్లు ఆగి చూడటం నేర్చుకోవాలి. కాళ్ల వేగం తగ్గాక కూడా గార్డ్‌ను ఆటలో నిలబెట్టేవి ఈ నేర్పులే.

పైగా అక్కడ విదేశీ ప్లేయర్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టడానికి ఎవరూ డబ్బు పెట్టరు. అమెరికాలో మ్యాచ్‌కు ఆరేడు నిమిషాలు దొరికే అమ్మాయి అక్కడ ముప్ఫై నిమిషాలు ఆడుతుంది, ఆఖరి షాట్ కూడా తనే వేస్తుంది. తప్పులు చేయడానికి అంత వెసులుబాటు ప్రాక్టీసులో కూడా దొరకదు.

గార్డ్ ఆలీ క్విగ్లీ కెరీర్ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. కొత్త ప్లేయర్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2008లో, రెండో రౌండ్‌లో సియాటిల్ ఆమెను తీసుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఒక జట్టు తీసుకోవడం, వదిలేయడం, మరో జట్టు తీసుకోవడం, అదీ వదిలేయడం. ఆ రోజుల్లో ఆమెకు నిలకడగా ఆట దొరికింది యూరప్‌లోనే. 2013లో షికాగో స్కైకి వచ్చేసరికి ఆమె పూర్తిగా తయారైన షూటర్. 2014, 2015ల్లో బెంచ్ నుంచి దిగి ఆడేవాళ్లలో మేటికిచ్చే సిక్స్త్ ఉమన్ అవార్డు వరుసగా, ఆల్‌స్టార్ త్రీ పాయింట్ పోటీలో నాలుగు విజయాలు, 2021లో షికాగోతో టైటిల్. తొలి ఏడాదే నిరాశపడి ఇంట్లో కూర్చుని ఉంటే ఈ జాబితాలో ఒక్కటీ ఉండేది కాదని నా నమ్మకం.

పాస్‌పోర్ట్ సంగతి కూడా ఒక ముక్క. చాలా దేశాల్లో విదేశీ ప్లేయర్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. అందుకే క్విగ్లీ హంగరీ పౌరసత్వం, సియాటిల్ గార్డ్ స్యూ బర్డ్ ఇజ్రాయెల్ పౌరసత్వం తీసుకున్నారు. అమెరికా గార్డ్ బెకీ హామన్ ఏకంగా రష్యా తరఫున 2008 ఒలింపిక్స్ ఆడి కాంస్యం గెలిచింది. అమెరికాలో దాని మీద పెద్ద రచ్చే జరిగింది.

ఇక రెండో వైపు. ఏడాది పొడవునా ఆడితే మోకాళ్లు, మడమలు ఊరుకోవు. 2019 ఏప్రిల్‌లో రష్యా క్లబ్ డైనమో కుర్‌స్క్ తరఫున యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ యూరోలీగ్ ఫైనల్ ఆడుతుండగా సియాటిల్ స్టార్ బ్రియానా స్టీవర్ట్‌కు మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగింది. ఆమె ఫార్వర్డే అయినా పాఠం అందరిదీ. ఆ ఏడాది డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మొత్తం పోయింది. స్యూ బర్డ్ ఏళ్ల తరబడి రష్యాలో ఆడింది, 2014 తర్వాత మానేసింది. ఆ తర్వాతే, 37 ఏళ్లప్పుడు 2018లో, 39 ఏళ్లప్పుడు 2020లో సియాటిల్ స్టార్మ్‌తో మరో రెండు టైటిళ్లు గెలిచింది. 41 ఏళ్ల దాకా ఆడి 3,234 అసిస్టుల (తోటివాళ్ల స్కోరుకు దారితీసిన పాస్‌ల) రికార్డుతో రిటైరైంది. ఆ చలికాలాలు ఇంటిపట్టున గడపకపోతే అంతదూరం వచ్చేదా? నాకైతే అనుమానమే. 2022లో డబ్ల్యూఎన్‌బీఏ స్టార్ బ్రిట్నీ గ్రైనర్ మాస్కో విమానాశ్రయంలో అరెస్టయి డిసెంబరు దాకా నిర్బంధంలో ఉండటంతో పరాయి దేశంలో ఆడటమంటే ఉండే టెన్షన్ అందరికీ తెలిసొచ్చింది.

ఇంట్లో ఉన్నంత మాత్రాన ఒళ్లు భద్రమని కాదు లెండి. ఇండియానా గార్డ్ కేట్లిన్ క్లార్క్ యూరప్ వెళ్లలేదు, 2025 జనవరిలో అమెరికాలోనే మొదలైన చలికాలపు లీగ్ అన్‌రైవల్డ్‌కూ వద్దంది, చలికాలమంతా జిమ్‌లో గడిపింది. అయినా 2025లో గాయాలవల్ల 13 మ్యాచ్‌లే ఆడగలిగింది. తొలి ఏడాది ఆమె లీగ్ జీతం 76,535 డాలర్లే, కానీ ఒక్క నైకీ ఒప్పందమే ఎనిమిదేళ్లకు 2.8 కోట్ల డాలర్లని వార్తలు. అలాంటి ఒప్పందం ఉన్న అమ్మాయిని చూపించి అందరూ ఇంటిదగ్గరే ఉండొచ్చనడం సరికాదు.

అన్‌రైవల్డ్ మంచి అవకాశమే. స్టీవర్ట్, నఫీసా కాలియర్ కలిసి పెట్టిన ఈ లీగ్ మయామీలో జరుగుతుంది, తొలి సీజన్ సగటు జీతం 2,20,000 డాలర్లు దాటింది, ప్లేయర్లకు వాటా కూడా ఇచ్చారు. అయితే ఆ సీజన్‌లో ఉన్నవి 36 చోట్లు, అవీ ఎక్కువగా పేరున్నవాళ్లకే. ఆట కూడా ముగ్గురు వర్సెస్ ముగ్గురు. కోర్టు చిన్నదైనా ఖాళీ ఎక్కువ, సాయానికి వచ్చే డిఫెండర్లు తక్కువ. డ్రిబ్లింగ్‌కు, ఒంటరిగా ఎదుటివాళ్లను దాటే నేర్పుకు అది భేషుగ్గా పనికొస్తుంది. పదిమంది మధ్య దారి వెతకడం మాత్రం అక్కడ రాదు. పాయింట్ గార్డ్ అసలు పని అదే కదా.

తేదీల చిక్కు కూడా ఉంది. 2020 ఒప్పందంలో చేర్చిన నిబంధన ప్రకారం 2023లో శిక్షణ క్యాంపుకు ఆలస్యంగా వస్తే జరిమానా పడేది. 2024 నుంచి క్యాంపు మొదలయ్యేలోపు, లేదా మే 1 లోపు, ఏది తర్వాతైతే అప్పటికి రాకపోతే సీజన్ మొత్తానికే సస్పెన్షన్ అని పెట్టారు. యూరప్ ప్లేఆఫ్‌లు సరిగ్గా ఆ రోజుల్లోనే నడుస్తుంటాయి. అయితే మొదటి రెండేళ్ల అనుభవంలోపు ఉన్నవాళ్లకు ఆ నిబంధన వర్తించలేదు. యూరప్ నిమిషాలు ఎక్కువ అవసరమైనదీ వాళ్లకే.

కాబట్టి నా ఓటు ఇలా: రెండో, మూడో రౌండ్‌లో ఎంపికై బెంచ్ మీదున్న గార్డ్ తొలి రెండు మూడు చలికాలాలు యూరప్ వెళ్లాలి, జీతం కాస్త తక్కువైనా సరే, యూరోలీగ్ ఆడే పెద్ద క్లబ్‌లో మూడో గార్డ్‌గా కంటే చిన్న క్లబ్‌లో బంతి తనకే అప్పగించే చోటుకు. స్టార్టర్‌గా కుదురుకున్నాక, లేదా ఒక పెద్ద గాయం అయ్యాక, ఇంటిదగ్గరే ఉండటం మేలు. మధ్యలో ఉన్నవాళ్లకు అన్‌రైవల్డ్‌లో చోటు దొరికితే డబ్బుకు అది, ఆటకు యూరప్. అప్పుడు ఆటవైపే మొగ్గమంటాను. ఎటు వెళ్లినా సంతకం పెట్టేముందు ఏజెంట్‌తో రెండు సంగతులు రాయించుకోవాలి: ఏప్రిల్‌లో ఏ తేదీకి వదిలేస్తారు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది.