‘లైఫ్‌టైమ్ ఫోటోషాప్’ వేసిస్తాం అంటే నమ్మకండి: తిరుపతిలో కొత్తగా ఎడిటింగ్ మొదలుపెట్టేవాళ్లకు హెచ్చరిక

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు, ఫోటో ఎడిటింగ్ నేర్చుకుందామని లాప్‌టాప్ పట్టుకుని షాపుకు బయల్దేరేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఫోటోషాప్‌కు లైఫ్‌టైమ్ లైసెన్స్ అనేది ఇప్పుడు లేదు. ఒకసారి డబ్బు కట్టి ఎన్నేళ్లయినా వాడుకునే పద్ధతిలో వచ్చిన ఆఖరి వెర్షన్ 2012 నాటి సీఎస్6. 2013 నుంచి కొత్త వెర్షన్లన్నిటినీ అడోబి కంపెనీ చందా మీదే ఇస్తోంది. కాబట్టి కౌంటర్ వెనక నిలబడి ఎవరైనా ‘లేటెస్ట్ వెర్షన్, లైఫ్‌టైమ్’ అన్నారంటే వేసేది క్రాక్, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీ. ఇందులో రెండో మాట లేదు.

మా అక్క కొడుకు ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాడు. పార్ట్‌టైమ్‌గా సంపాదించుకున్న డబ్బుతో కానన్ ఆర్50 కొన్నాడు. గంగమ్మ జాతర ఫోటోలు తీసి, వాటిని ఎడిట్ చేయడం నేర్చుకోవాలని వాడి ఆశ. అందుకు వాడికి కావలసినవి రా ఫైళ్లు, అంటే కెమెరా దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే ఫోటో ఫైళ్లు. ఊళ్లో బాగా నడిచే ఒక కంప్యూటర్ షాపుకు వెళ్లి అడిగాడు: “అన్నా, రా ఫైళ్లు ఓపెన్ కావాలి, ఏది వేయించుకోమంటారు?” వాళ్ల జవాబు: “ఫోటోషాప్ వేసేస్తాం తమ్ముడూ. ఫుల్ వెర్షన్, లైఫ్‌టైమ్. కంపెనీకైతే ఏడాదికి వేలకు వేలు కట్టాలి, మన దగ్గర మూడు వేలే.” వీడు ఫోన్‌పే కొట్టాడు, వాళ్లు వేసిచ్చారు.

బిల్లు అడిగితే చిన్న స్లిప్పు మీద ‘సర్వీస్ ఛార్జ్ 3,000’ అని రాసిచ్చారు. ఏ సాఫ్ట్‌వేరో, ఏ వెర్షనో ఎక్కడా లేదు. లాప్‌టాప్ కీబోర్డు కింద మాత్రం పసుపు స్టిక్కర్ అంటించారు: ‘నెట్ ఆన్‌లో పెట్టి ఓపెన్ చేయొద్దు. అప్‌డేట్ కొట్టొద్దు.’ డబ్బు పెట్టి కొన్న వస్తువును ఇంటర్నెట్‌కు తెలియకుండా దాచుకుని వాడుకోవాలట!

అసలు తమాషా జాతరప్పుడు బయటపడింది. రా ఫైళ్ల కోసమని కొన్న సాఫ్ట్‌వేర్‌లో రా ఫైలే తెరుచుకోలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వాళ్లు వేసింది 2019 వెర్షన్. కెమెరా 2023లో వచ్చిన మోడల్. ప్రతి కొత్త కెమెరా రా ఫైలునూ ఫోటోషాప్ గుర్తుపట్టాలంటే అందులోని కెమెరా రా అనే భాగం అప్‌డేట్ అవుతూ ఉండాలి. క్రాక్ వేసినదాన్ని అప్‌డేట్ చేస్తే క్రాక్ ఊడిపోతుంది. అందుకే ఆ పసుపు స్టిక్కర్.

షాపుకు ఫోన్ చేస్తే “జేపెగ్‌లో తీయమ్మా, ఏం తేడా ఉండదు” అన్నారు. తేడా ఎందుకుండదు? జేపెగ్ అంటే కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైల్లో 16,384 ఉంటాయి. జాతరలో బండ వేషం కట్టినవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకుని వస్తారు. ఎండలో ఆ ఎరుపు జేపెగ్‌లో ముద్దగా అతుక్కుపోతుంది, ముఖం మీది గీతలు కూడా కనపడవు. రా ఫైలైతే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి ఆ వివరాలను చాలావరకు వెనక్కి లాగవచ్చు. వాడు రా కావాలన్నది సరదాకు కాదు.

తర్వాత తెలుగు గొడవ. ఒక ఫోటో మీద ‘తాతయ్యగుంట గంగమ్మ’ అని రాయబోతే వత్తులన్నీ విడిపోయి గంగమ్మ కాస్తా ‘గంగమ్ మ’ అయి కూర్చుంది. దీనికి షాపువాళ్ల మందు ఏమిటంటే ‘తెలుగు ప్యాక్’, ఇంకో ఎనిమిది వందలు. తెలుగు ప్యాక్ అనేదేదీ లేదండీ. ఆ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, టైప్ అనే చోట దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిస్తే యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లో టైప్ చేసే తెలుగు, చక్కగా వస్తుంది. పైసా ఖర్చు లేని పని. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల సంగతి వేరు, అవి యూనికోడ్ కావు. ఫోన్లో టైప్ చేసిన తెలుగును తెచ్చి వాటిలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కొత్తవాళ్లకు వాటితో పనే లేదు.

చివరగా, ఒకరోజు పొరపాటున వైఫై ఆన్‌లో ఉండగా తెరిచాడు. ఇది అసలైన సాఫ్ట్‌వేర్ కాదు, త్వరలో పనిచేయకుండా ఆపేస్తాం అని తెర మీద పెట్టె వచ్చింది. షాపువాళ్లు ‘మళ్లీ వేస్తాం, ఐదు వందలివ్వు’ అన్నారు. అప్పుడు గానీ వాడు నాకు చెప్పలేదు: “మామా, ఒకసారి చూస్తావా?”

చూస్తే నాకు ఒళ్లు మండింది. వైరస్‌లను పట్టే విండోస్ డిఫెండర్‌ను ఆపేసి ఉంచారు. దాన్ని మళ్లీ ఆన్ చేసినా పట్టుకోకుండా సీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే వెతకొద్దని చెప్పే జాబితాలో, పడేశారు. అంటే ఇంటికి తాళం వేయకపోవడమే కాదు, తలుపులే ఊడదీసి పోయారన్నమాట. ఆ లాప్‌టాప్‌లోనే వాడి బ్యాంకు లాగిన్, జీమెయిల్, మా అక్క పెన్షన్ కాగితాల స్కాన్లు ఉన్నాయి. స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఇలాంటి క్రాక్ ఫైళ్ల వెంటే పాకింది. అది ఫోటోలన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. మావాడి అదృష్టం, అంతదాకా రాలేదు.

షాపుకు వెళ్లి అడిగితే యజమాని ఏమాత్రం తడుముకోలేదు. “ఊళ్లో స్టూడియోలన్నీ ఇదే వాడతాయి సార్.” స్టూడియోలు ఏం వాడతాయో నాకెందుకు? పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు పన్నెండు బై ముప్పయ్యారు అంగుళాల షీట్ల పీఎస్‌డీలతో (ఫోటోషాప్ సొంత ఫైళ్లతో) రోజూ పని, వాళ్లకు ఫోటోషాప్ కావాలి. మొన్న కెమెరా కొన్న పిల్లాడికి ఎందుకు? పైగా క్రాక్ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. ఆ స్లిప్పు మీద షాపు సాఫ్ట్‌వేర్ పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైందా?

మరి ఏం వేసుకోవాలి అంటారా? మీ కెమెరా కంపెనీయే రా ఫైళ్ల కోసం ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. ఈ ముక్క ఏ షాపువాడూ చెప్పడు, చెబితే వాడికి మిగిలేదేముంది! కానన్‌కు డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్‌కు ఎన్ఎక్స్ స్టూడియో, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్. కంపెనీ సైటు నుంచే దించుకోవాలి. కానన్‌ది కెమెరా మీద ఉండే సీరియల్ నంబర్ అడగవచ్చు, కంగారు పడకండి. చూడ్డానికి పాతకాలం నాటిదానిలా ఉంటుంది, కాస్త నెమ్మది కూడా. కానీ వెలుగు, వైట్ బ్యాలెన్స్, రంగులు సరిచేయడం నేర్చుకోవడానికి అది చాలు. మావాడి బండ వేషం ఫోటో అందులోనే తేలింది. కుంకుమ కింద చెమట చారలు కూడా కనిపిస్తున్నాయి.

లేయర్లు, మాస్కులు, కటింగ్ కావాలంటే జింప్ ఉంది, పూర్తిగా ఉచితం. 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. తెలుగు వత్తులు దాంట్లో ఏ సెట్టింగూ లేకుండానే సరిగ్గా పడతాయి. రా ఫైలు మాత్రం అది నేరుగా తెరవదు, పక్కన డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఉచిత రా సాఫ్ట్‌వేర్లలో ఒకటి పెట్టుకోవాలి. డార్క్‌టేబుల్ చాలా శక్తిమంతమైనదే గానీ, మొదటిరోజే తెరిస్తే ఆ బటన్ల గుంపు చూసి కెమెరా అమ్మేయాలనిపిస్తుంది. కొన్నాళ్లు ఆగండి. ఫోటోషాప్ లాంటిదే అయిన అఫినిటీ కూడా 2025 అక్టోబరు నుంచి ఉచితమే, కాన్వా అకౌంట్ ఉంటే చాలు. ఎవరైనా పీఎస్‌డీ ఫైలు పంపితే తెరిచి చూడ్డానికి బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ సరిపోతుంది. ఫోన్ ఫోటోలకైతే స్నాప్‌సీడ్.

ఉచితమైనవాటిలోనూ ఒక గుంట ఉంది. గూగుల్‌లో పేరు కొట్టి పైన వచ్చిన ప్రకటన మీద నొక్కకండి. 2022లో జింప్ పేరుతో వచ్చిన ప్రకటన ఒకటి నకిలీ సైటుకు తీసుకెళ్లి, పాస్‌వర్డులు దోచే వైరస్ అంటగట్టింది. అసలు సైటు జింప్ డాట్ ఆర్గ్, అడ్రస్ మీరే టైప్ చేయండి.

ఫోటోషాపో, అడోబి వాళ్లదే అయిన లైట్‌రూమో కావాలంటే నేరుగా కంపెనీ దగ్గర, మీ సొంత మెయిల్ ఐడీతో తీసుకోండి. అక్కడా కళ్లు తెరుచుకుని చూడాలి. ‘ఏడాది ప్లాన్, నెలనెలా చెల్లింపు’ అనేది నెల ప్లాన్ కాదు. 14 రోజులు దాటాక మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలల డబ్బులో సగం వసూలు చేసే షరతు దాంట్లో ఉంటుంది. దీన్ని కొన్నవాళ్లకు సరిగ్గా చెప్పడం లేదనే అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబి మీద కోర్టుకెళ్లింది. టెలిగ్రామ్‌లో ‘ఏడాదికి 499’ అంటూ వాళ్ల మెయిల్ ఐడీ, వాళ్ల పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్ల జోలికి అసలు పోవద్దు. ఆ అకౌంట్ ఎవరిదో వాళ్లు పీకేసిన రోజు అందులో దాచిన మీ ఫోటోలూ పోతాయి.

ఫోన్ యాప్‌లలో ‘మూడు రోజులు ఫ్రీ’ అన్నవాటికి యూపీఐ ఆటోపే ఇచ్చి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి, యూపీఐ యాప్‌లోని ఆటోపే లిస్టు కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పటికే ఇలా వేయించుకున్నవాళ్లు ముందు ఫోటోలు, కాగితాలు మాత్రమే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, షాపువాళ్లిచ్చిన సెటప్ ఫైళ్లు వద్దు. తర్వాత విండోస్ మొత్తం రీసెట్ కొట్టండి. పాస్‌వర్డులు ఇంకో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. షాపు మీద ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకు ఫీజు కూడా లేదు.

మా మూడు వేలు ఇంకా రాలేదు. డబ్బు వెనక్కివ్వలేనని, కావాలంటే 64 జీబీ పెన్‌డ్రైవ్ ఇస్తానని అన్నాడు ఆ షాపాయన. వద్దన్నాం. ఫోన్‌పే రసీదు, ఆ స్లిప్పు, పసుపు స్టిక్కర్ ఫోటో జతచేసి 1915లో ఫిర్యాదు పెట్టాం, నంబరు వచ్చింది. ఏదైనా కదలిక ఉంటే రాస్తాను.