అమ్మతో రామప్ప టూర్

హనుమకొండలో పొద్దున ఏడింటికి బండెక్కాం. వేయిస్తంభాల గుడి దగ్గర అరగంటే ఆపారు. 1163 నాటి గుడికి అదేం సరిపోతుంది?

రామప్పలో మాత్రం గైడ్‌కు దండం పెట్టాలి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిన సంగతి, ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. నల్లరాతి మదనిక (నాట్యం చేసే అమ్మాయి శిల్పం) మెడలో హారం మీద టార్చ్ వేస్తే పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అమ్మ చాలాసేపు కదల్లేదు. "చెక్కినోళ్ల చేతులు ఎట్లుండెనో బిడ్డా" అంది.

తర్వాత చెరువు కట్ట. కాకతీయుల నాటి చెరువు నీళ్లే ఇప్పటికీ కింది పొలాలకు పారుతున్నాయి. నాట్లేస్తున్న ఆడవాళ్లను చూసి అమ్మ చెప్పులు విడిచి గట్టు మీదికి దిగింది. డ్రైవర్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు, అది నాకు బాగా నచ్చింది.

భోజనం మూడింటికి పెట్టారు. అమ్మకు షుగర్, నాకు ఒకటే టెన్షన్. పెద్దవాళ్లుంటే టిఫిన్ కట్టుకెళ్లండి.