ఆక్సిజన్ కంట్రోలర్ పెట్టె కొనే రొయ్య రైతులకు జాగ్రత్త హెచ్చరిక: దానితో ఇచ్చే పుస్తకం ఏ వెర్షనుదో ముందు చూడండి

భీమవరం, ఉండి, ఆకివీడు, పాలకొల్లు ప్రాంతాల్లో వెనామీ రొయ్య సాగు చేస్తూ, చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను (డీవో) కొలిచి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను దానంతటదే వేసి ఆపే పెట్టెను కొన్నవారు, కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఉండి మండలంలోని మా రెండెకరాల చెరువుకు అటువంటి పెట్టెను కిందటేడాది 38 వేల రూపాయలు పోసి కొన్నాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇదే లోపం వేరొకరు అమ్మే పెట్టెలోనూ ఉండవచ్చు కనుక, పేరు కంటే లోపాన్ని గుర్తుపట్టడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ పెట్టెలో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు. దాని మీద నడిచేవన్నీ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. చెరువులోని సెన్సరు వైఫై ద్వారా పంపే కొలతను అందుకొని అందించేది మస్కిటో అనే బ్రోకరు. ఆ కొలతను తెర మీద చూపించి, దానిని బట్టి ఏరియేటర్లను నడిపించేది నోడ్-రెడ్. ఈ సాఫ్ట్‌వేర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా పెట్టెతో పాటు ఇచ్చిన 24 పుటల తెలుగు పుస్తకం మీద. తెలుగులో అచ్చు వేయించి ఇచ్చారని మొదట ఎంతో సంతోషించాను. ఈ సాఫ్ట్‌వేర్లు ఉండే ఎస్‌డీ కార్డు పాడైతే కొత్త కార్డులో అన్నిటికీ తాజా వెర్షన్లు వేసుకొని, పుస్తకంలో చెప్పినట్టు చేస్తే పెట్టె మళ్లీ యథాప్రకారం పనిచేస్తుందని అందులో స్పష్టంగా రాసి ఉంది.

శ్రావణ మాసంలో కరెంటు పోతూ వస్తూ ఉన్న ఒక వారంలో మా పెట్టెలోని ఎస్‌డీ కార్డు పాడైంది. కొత్త కార్డు తెచ్చి, పుస్తకాన్ని పక్కన పెట్టుకొని, ఒక్కొక్క వరుసా చదువుతూ అంతా మళ్లీ వేశాను. మస్కిటో వేసిన తరువాత ఏ ఫైలునూ మార్చనక్కరలేదని పుస్తకంలో ఉంది కనుక మార్చలేదు. చివరి పరీక్షగా, పెట్టెలోనే ఒక ఆజ్ఞ టైపు చేసి 5.2 అనే అంకెను బ్రోకరుకు పంపమనీ, అది తెర మీద కనబడితే పని పూర్తయినట్టేననీ ఉంది. పంపాను, కనబడింది. మేత వేయించుకొని, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వెళ్లిపోయాను.

ఆ రోజు సాయంత్రం నుంచి మబ్బు పట్టి ఉంది. రాత్రి గడిచేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, తెల్లవారబోయే ముందు అన్నిటికంటే తక్కువకు చేరుతుందని చెరువు చేసేవారికి నేను చెప్పనక్కరలేదు. తెర మీద అంకె 5.2 దగ్గరే ఉంది కనుక, పెట్టె నాలుగు ఏరియేటర్లలో రెండింటిని ఆపేసింది. నాలుగుంపావుకు కాపలా మనిషి ఫోను చేసి, "బాబు గారండీ, రొయ్య పైకి తేలిపోతోందండీ, గట్టు వారకి వచ్చేసిందండీ" అన్నాడు. నేను వెళ్లి టార్చి వేసేసరికి గట్టు పొడవునా నీటి పైన రొయ్యల కళ్లు ఎర్రగా మెరుస్తూ కనిపించాయి. చేతి మీటరు నీటిలో ముంచితే 2.1 పీపీఎం చూపింది. షెడ్డులోకి వెళ్లి చూస్తే తెర మీద ఇంకా 5.2 అనే ఉంది. నాలుగు ఏరియేటర్లూ వేసి, ఆక్సిజన్ బిళ్లలు చల్లించి చాలా మటుకు కాపాడుకున్నాం గానీ, ఆ పూట గట్టు వెంట ఏరి తూచిన చచ్చిన రొయ్య 140 కిలోలు.

కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు మరునాడు వచ్చి, బ్రోకరు తన పనిని నమోదు చేసుకొనే లాగ్ తెరిచి చూశాడు. "మావయ్యా, బ్రోకరు తనంతట తనే చెబుతోంది చూడు, ఈ యంత్రంలోని ప్రోగ్రాములతో తప్ప బయటి వేటితోనూ మాట్లాడనని" అన్నాడు. 2020 డిసెంబరులో వచ్చిన మస్కిటో 2.0లో ఒక ముఖ్యమైన మార్పు చేశారు. అంతకు ముందు 1.5, 1.6 వెర్షన్లలో ఏ సెట్టింగూ పెట్టకపోయినా, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఏ పరికరమైనా పాస్‌వర్డ్ లేకుండానే బ్రోకరుతో కలిసేది. భద్రత కోసం 2.0 నుంచి, కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైలులో, బయటి పరికరాల మాట వినమని చెప్పే 'లిజనర్' అనే వరుస రాయకపోతే బ్రోకరు సొంత యంత్రానికే పరిమితమవుతుంది. లిజనర్ రాసినప్పుడు, పాస్‌వర్డ్ లేనివారిని కూడా రానివ్వాలని విడిగా రాస్తే తప్ప రానివ్వదు. ఈ మార్పును సాఫ్ట్‌వేరు తయారుచేసినవారు తమ పత్రాల్లో విడమరచి రాశారు. మాకు అమ్మినవారి పుస్తకం మాత్రం 1.5 దగ్గరే ఆగిపోయింది.

పుస్తకంలోని పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా అప్పుడే అర్థమైంది. అంకెను పెట్టెలో నుంచే పంపాను కనుక బ్రోకరు తీసుకుంది. చెరువు అవతలి గట్టున ఉన్న సెన్సరును మాత్రం రాత్రంతా తిప్పి పంపుతూనే ఉంది. పైగా పుస్తకంలోని ఆ ఆజ్ఞ, పంపిన అంకెను బ్రోకరు దాచిపెట్టుకొనేలా రాసి ఉండడం వల్ల, నేను పరీక్ష కోసం పంపిన 5.2నే తెర నిజమైన కొలతగా చూపిస్తూ వచ్చింది. ఆ అంకె ఎన్ని గంటలకు వచ్చిందో తెర మీద ఎక్కడా లేదు. సెట్టింగు తప్పడం కంటే, తప్పిన సెట్టింగును ఒప్పని నమ్మించిన ఆ పరీక్షే మాకు ఎక్కువ నష్టం చేసింది.

అదొక్కటే కాదు. పెట్టెకు నెట్‌వర్క్‌లో మారని అడ్రసు ఇవ్వడానికి డీహెచ్‌సీపీసీడీ అనే ప్రోగ్రాము ఫైలులో రాయమని పుస్తకం చెబుతోంది. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ అనే ఆపరేటింగ్ సిస్టం వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పైలో ఆ పనిని నెట్‌వర్క్ మేనేజర్ అనే వేరే ప్రోగ్రాము చూస్తోంది కనుక అక్కడ రాసినది పనిచేయదు. 'పై' అనే పేరుతో లాగిన్ కమ్మని ఉంది. ముందే పెట్టి ఇచ్చే ఆ ఖాతాను 2022 ఏప్రిల్‌లోనే తీసేశారు.

అమ్మినవారికి ఫోను చేస్తే, ఇంతమంది రైతులు వాడుతున్నారనీ ఎవరికీ రాని ఇబ్బంది మీకే వచ్చిందనీ అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. వారు అమ్మే పెట్టెల్లో పాత కార్డు నకలే వేసి ఇస్తున్నారు కనుక, ఆ కార్డు పనిచేసినంత కాలం పుస్తకంలో తప్పు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అందుకే ఇప్పుడు పెట్టె బాగా పనిచేస్తున్నవారిని కూడా హెచ్చరిస్తున్నాను. ఆ తరువాత వారు చెప్పిన పరిష్కారం మరీ ప్రమాదకరమైనది: లిజనర్ వరుస రాసి, దాని కింద అందరినీ అనుమతించే వరుస కూడా చేర్చమన్నారు. అలా చేస్తే సెన్సరు కలుస్తుంది, నిజమే. దానితో పాటు మీ వైఫైలోకి వచ్చిన ఎవరైనా సరే మీ ఏరియేటర్లను ఆపగలుగుతారు. దయచేసి ఆ పని చేయకండి. మేము లిజనర్ రాసి, మస్కిటోతో పాటే వచ్చే పాస్‌వర్డ్ సాధనంతో సెన్సరుకు వేరే పేరూ పాస్‌వర్డూ పెట్టాం. పది నిమిషాల పాటు కొత్త కొలత రాకపోతే ఏరియేటర్లన్నీ వేసి సైరన్ మోగించేలా నోడ్-రెడ్‌లో ట్రిగ్గర్ నోడ్ ఒకటి చేర్చాం.

కొత్తగా కొనేవారు డబ్బు చేతికి ఇచ్చే ముందు, పుస్తకం మొదటి పుటలో ఏ సాఫ్ట్‌వేరు ఏ వెర్షనుతో, ఏ తేదీన పరీక్షించారో రాసి ఉందా అని చూడండి. లేకపోతే అడగండి. వీలైతే ఒక ఖాళీ కార్డు ఇచ్చి, ఆ పుస్తకం ఒక్కటే చూసుకుంటూ పెట్టెను మొదటి నుంచి మీ ఎదుటే నిలబెట్టమనండి. వారి మనిషి పుస్తకంలో లేని ఒక్క అడుగు వేసినా ఆ పుస్తకం పాతబడిందని అర్థం. పరీక్షను పెట్టెలో నుంచి కాకుండా వేరే ఫోను నుంచి గానీ, సెన్సరును చెరువులో ముంచి గానీ చేయించండి. సెన్సరు వైరు పీకేసి, ఎంతసేపటికి సైరన్ మోగుతుందో గడియారం పెట్టి చూడండి.

అమ్మేవారికి కూడా ఒక విన్నపం. కాన్ఫిగరేషన్ ఫైళ్లూ పుస్తకం పాఠమూ ఒకే చోట ఉంచి, ఫైలులో ఒక వరుస మార్చిన రోజునే పుస్తకంలోని పుటను కూడా మార్చి, రెండింటినీ ఒకే కమిట్‌గా, అంటే ఒకేసారి నమోదయ్యే మార్పుగా, చేర్చండి. మంచి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు, పత్రం మార్చకుండా సెట్టింగును మారుస్తూ వచ్చే మార్పును స్వీకరించవు. పుస్తకాన్ని అచ్చు వేయించి ఇవ్వడం మంచిదే, దాని మీద వెర్షనూ తేదీ వేయండి. తాజా పాఠం కోసం ఒక క్యూఆర్ కోడ్ అంటించండి. నేనూ మా మేనల్లుడూ నాలుగు పుటలు సవరించి రాసి వారికి పంపి రెండు నెలలైంది. కిందటి వారం మా పక్క చెరువువారు కొన్న పెట్టెలో మళ్లీ ఆ పాత పుస్తకమే వచ్చింది.

ఇప్పటికే ఆ పెట్టె వాడుతున్నవారు, మీ కార్డు బాగుండగానే దానికి ఒక నకలు తీయించి, కాన్ఫిగరేషన్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో విడిగా దాచుకోండి. ఆ నకలులో ఉండేది కూడా పాస్‌వర్డ్ లేకుండానే ఎవరినైనా రానిచ్చే పాత వెర్షనే కనుక, చెరువు వైఫై పాస్‌వర్డును ఎవరికీ ఇవ్వకండి. సవరించిన పుటలు కావలసినవారు అడిగితే పంపుతాను.