చైన్ లిఫ్టా, లాంచా?

రోలర్ కోస్టర్‌ను పైకి చేర్చడానికి పాత పద్ధతి చైన్. బోగీ కింది కొక్కెం గొలుసుకు తగులుకుంటుంది, రైలు టకటకమంటూ నెమ్మదిగా ఎక్కుతుంది. ఆ చప్పుడు గొలుసుది కాదు. రైలు వెనక్కి జారకుండా ఆపే ఇనుప పళ్లది. కింద మనుషులు చిన్నగా అయిపోతుంటే చేతులు కడ్డీని గట్టిగా పట్టుకుంటాయి. అసలు టెన్షన్ అంతా అక్కడే. అమెరికాలో 2015లో వచ్చిన ఫ్యూరీ 325 అనే కోస్టర్ కూడా ఈ పద్ధతిలోనే దాదాపు 99 మీటర్లు ఎక్కుతుంది.

లాంచ్ అంటే రైలును ఒక్కసారిగా వేగంగా ముందుకు తోసేయడం. అందులో ఆ ఎదురుచూపు ఉండదు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. న్యూజెర్సీలోని కింగ్డా కా అనే కోస్టర్ హైడ్రాలిక్ (ద్రవ పీడన) బలంతో మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం అందుకునేది. ఒక్కోసారి 139 మీటర్ల శిఖరం దాటలేక రైలు వెనక్కి వచ్చేసేది. బ్రేకులు దాన్ని భద్రంగా ఆపేవి. 2005లో మొదలైన ఆ రైడ్‌ను 2024లో మూసేసి, మరుసటి ఏడాది టవర్‌ను కూల్చేశారు. నాకు నిజంగా బాధ వేసింది.

ఇప్పటి కొత్త లాంచ్‌లలో ఎక్కువగా అయస్కాంత మోటార్లే కనిపిస్తున్నాయి. రైలుకు ఏమీ తగలకుండానే తోస్తాయి కాబట్టి అరుగుదల తక్కువ. మధ్యదారిలో మళ్లీ వేగం ఇవ్వగలవు, వెనక్కి కూడా నడపగలవు. కాకపోతే ఒక్కసారిగా చాలా కరెంటు కావాలి.

మొదటిసారి ఎక్కేవాళ్లకు నేను చైన్ కోస్టరే చెబుతాను. భయం కూడా మెట్టు మెట్టుగా ఎక్కాలి కదా!