భీమవరంలో రెండు రోజుల స్క్రీన్‌ప్లే క్లాసు: త్యాగం చేసే హీరోకి అరగంటేనా?

శని, ఆదివారాల్లో నడిచే ఈ క్లాసులో, లోపమున్న హీరోని రాయడం నేర్పే మొదటి రోజు కట్టిన ఫీజుకి పూర్తిగా న్యాయం చేస్తుంది. రెండో రోజు గురించి ఆ మాట అనలేం.

శనివారం మధ్యాహ్నం రాయించే సీనే అసలు సరుకు. రొయ్యల చెరువు, తెల్లవారుజాము 3 గంటలు. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అదే, కాసేపట్లో రొయ్య పైకి తేలుతుంది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. ఆ డబ్బు హీరో పేకాటలో పోగొట్టాడు. ఒకటిన్నర పేజీలో రాయాలి, 'తప్పు చేశాను' అన్న డైలాగు ఉండకూడదు.

చాలామంది హీరోకి గడ్డం, సిగరెట్, మందు తగిలించి లోపం పెట్టేశాం అనుకుంటారు. అవి తీసేసినా కథ నడుస్తుంది, కాబట్టి అవి వేషం. పేకాట తీసేస్తే డీజిల్ ఉంటుంది, చెరువు బతుకుతుంది, ఇక కథే లేదు. ఈ తేడా ఇక్కడ చేత్తో రాయించి నేర్పుతారు. లోపాన్ని మొదటి 10 పేజీల్లో చిన్నగా చూపించి, ఇంటర్వెల్‌కి దానివల్ల ఇంకొకరు నష్టపోవాలి. పేజీకి నిమిషం లెక్కన, రెండున్నర గంటల సినిమాలో అది 70-75 పేజీల దగ్గర.

ఒకటి మాత్రం సరిదిద్దుకోవాలి. 'రంగస్థలం' (2018)లో చిట్టిబాబు చెవుడుని లోపానికి ఉదాహరణగా చెబుతున్నారు. చెవుడు అతని ఇబ్బంది. గుణంలో ఉన్న లోపం ఆవేశం.

ఆదివారం త్యాగం చేసే హీరోని 'పాత మోడల్' అని అరగంటలో తేల్చేస్తారు. గోదావరి జిల్లాలో కూర్చుని ఆ మాట అనడం బాధగా ఉంది. 'మూగ మనసులు' (1964)లో పడవ నడిపే గోపి మంచితనం మారదు, దానికి అతను చెల్లించే ధర పెరుగుతూ పోతుంది. ఇలాంటి హీరోకి సూత్రం అదే. అతన్ని మంచికీ చెడుకీ మధ్య నిలబెడితే సీను చచ్చిపోతుంది, ఏం చేస్తాడో ముందే తెలుసు కదా. రెండు మంచి పనుల మధ్య నిలబెట్టాలి: ఉన్న ఒక్క జనరేటర్ అప్పుల్లో ఉన్న పక్క రైతు చెరువుకా, కూతురి పెళ్లి ఖర్చు ఆధారపడ్డ తన చెరువుకా? పక్కవాడికిచ్చాక తెల్లారేసరికి తన రొయ్యలూ బతికే ఉన్నాయని రాస్తే ఆ త్యాగానికి విలువ లేదు. వలలో ఎర్రబడ్డ రొయ్య, టైముకి ముందే హడావుడిగా చెరువు పట్టేయడం, కొనేవాడు చెప్పే తగ్గు ధర కనిపించాలి. శనివారం సీనునే ఇలా తిప్పి రాయిస్తే చాలు, కొత్త పాఠం అక్కర్లేదు.

రాసిన సీన్లు దిద్ది, ఎక్కడెక్కడ ఎందుకు కొట్టేశారో పక్కనే రాసి ఇస్తారు. అది చాలా పెద్ద మేలు. మొదటి రోజుకే విడిగా చేరొచ్చు. డైలాగులు తెలుగు లిపిలోనే రాసి పట్టుకెళ్లండి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే యాస ఎక్కడ తప్పిందో దిద్దేవాళ్లకి దొరకదు.