కురిసిన మంచును ఏం చేస్తారు?

మంచు దండిగా పడే ఊళ్లకు చలికాలంలోనే వెళ్లాలన్నది నా పిచ్చి. హోటల్ కిటికీలోంచి చూస్తే అన్ని ఊళ్లూ ఒకేలా తెల్లగా, అందంగా ఉంటాయి. తేడా తెలిసేది మర్నాడు పొద్దున గుమ్మం దాటినప్పుడు. రాత్రంతా మోకాలి లోతున పడిన దాన్ని ఆ ఊరివాళ్లు ఏం చేశారు? కరిగించారా, ఎత్తుకెళ్లారా, పక్కకు తోసేశారా, దేవుడికే వదిలేశారా? నేను ఊళ్లకు మార్కులు వేసేది దీన్నిబట్టే.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది జపాన్‌లోని నీగతా ప్రాంతం. టోక్యోలో షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కితే తకసాకి దాటేదాకా ఎండే. ఆ తర్వాత 22 కిలోమీటర్ల దైషిమిజు సొరంగం. అవతల బయటపడేసరికి ఇళ్లు కిటికీల దాకా మంచులో మునిగి ఉంటాయి. సైబీరియా నుంచి వచ్చే పొడి చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ పట్టుకుని, కొండలకు తగిలి, పట్టుకున్నదంతా ఇక్కడే కుమ్మరిస్తుంది. ఇంత మంచులోనూ నేనెక్కిన రైలు వేళకే చేరింది. పట్టాల పక్కన స్ప్రింక్లర్లు గోరువెచ్చని నీళ్లు చల్లుతూ ఉంటాయి, అదీ రహస్యం.

నాగవోకాలో దిగితే రోడ్డు మీదా నీళ్లే. రోడ్డు మధ్యలో పొడుగునా చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి జానెడెత్తు లేచి పక్కలకు పరుచుకునే భూగర్భజలం. ఆ నీళ్లు ఏడాది పొడుగునా 13 డిగ్రీల చుట్టూ ఉంటాయి కాబట్టి మంచు పడ్డది పడ్డట్టే కరిగిపోతుంది. 1961లో ఇక్కడే మొదలైన పద్ధతి ఇది. నీళ్లలోని ఇనుము వల్ల రోడ్లన్నీ తుప్పు రంగు తేలి, చూడ్డానికి ఏమంత బాగుండవు. కారు పక్కనుంచి పోయిందంటే మోకాళ్ల దాకా తడుస్తాం. స్థానికులు పిక్కల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఎందుకేసుకుంటారో మొదటి కూడలి దాటేలోపే అర్థమవుతుంది. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లకన్నా ఇక్కడ అవే మేలు. నీళ్లు ఇలా తోడేయడం వల్ల ఈ ప్రాంతంలో కొన్నిచోట్ల నేల కుంగింది కూడా. అందుకే మంచు పడుతున్నట్టు సెన్సర్ చెబితేనే పంపులు తిరిగే ఏర్పాట్లు వచ్చాయి.

బసకు పాత చెక్క సత్రం ఎంచుకున్నాను. గదిలో కిరోసిన్ హీటర్, దుప్పటి కప్పిన కొతాత్సు బల్ల కింద వెచ్చదనం, అంతా హాయి. గది తలుపు తీసి నడవాలోకి అడుగుపెడితే మాత్రం బయటకీ లోపలికీ పెద్ద తేడా లేదు. రాత్రిపూట స్నానాలగదికి వెళ్లడమంటే చిన్నపాటి సాహసం. పెద్దవాళ్లు వెంట ఉంటే స్టేషన్ పక్కన మామూలు హోటలే నయం. ఇంకో సంగతి, చూరు కింద నడవొద్దు. కప్పు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారి పడుతుంది. దాన్ని దింపడానికి నిచ్చెనెక్కే ముసలివాళ్లు అక్కడ ఏటా చనిపోతూనే ఉన్నారు. ఊళ్లో కుర్రవాళ్లు మిగల్లేదు మరి. అదే రాష్ట్రంలోని తకాదాలో ఇళ్ల ముందు వరసగా కప్పు దింపి, కింద నడవడానికి దారి వదిలారు. అన్నీ కలిపితే 16 కిలోమీటర్ల దాకా వస్తాయట. ఎవరి ఇంటి ముందు ముక్క వాళ్లదే, నడిచేది మాత్రం ఊరంతా. నీగతాకు ఎవరైనా వెళ్తుంటే తకాదాలో ఒక పూట ఆగమనే చెబుతాను.

జపాన్‌లోనే ఉత్తరాన ఉన్న సప్పోరోలో నీళ్ల పద్ధతి కుదరదు. చలి ఎక్కువ, పోసిన నీళ్లు గడ్డకడతాయి. దాదాపు 20 లక్షల జనాభా ఉన్న ఊళ్లో ఒక్క శీతాకాలంలో ఐదు మీటర్ల దాకా మంచు పడుతుందంటే నమ్మబుద్ధి కాదు. రాత్రుళ్లు యంత్రాలు తోసి, లారీలకెత్తి ఊరి బయట పోస్తాయి. పెద్ద వీధుల్లో మంచుతో తంటా లేదు. తంటా అంతా అడుగున మిగిలే గాజులాంటి గడ్డతోనే. కూడళ్ల దగ్గర పెట్టెల్లో సన్నని ఇసుకరాళ్ల సంచులుంటాయి. ఎవరైనా ఒకటి తీసి, ముందు చల్లుకుని, దాని మీద నడిచిపోవచ్చు. బళ్లో ఆడుకోవాల్సిన వయసు పిల్ల ఒకతి సంచి చించి నాకు దారి చల్లి, ఒక చిన్న నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. స్టేషన్ నుంచి సుసుకినో దాకా నేల కిందే నడిచిపోవచ్చు. ఆ దారిలోని కీలకమైన ముక్క 2011లో తెరిచారు. మంచుకు కొత్తవాళ్లు, పిల్లాజెల్లాతో వచ్చేవాళ్లు మొదట చూడాల్సిన ఊరు నా లెక్కలో ఇదే. కారు తీసుకుని ఊరు దాటితే ఒకటి గమనించండి: రోడ్డు అంచున స్తంభాలకు కిందికి చూపే ఎర్ర బాణాలు వేలాడుతుంటాయి. అంచు ఎక్కడుందో తెలియని గాలిదుమారంలో అవే దిక్కు.

కెనడాలో మాంట్రియల్ వాళ్లది వేరే తీరు. సప్పోరోలో సగం కూడా పడదు గానీ, పడ్డదాన్ని ఊళ్లో ఉంచరు. వీధికి ఒకవైపు నారింజరంగు బోర్డు పాతి, ఈ గంట నుంచి ఈ గంట దాకా కార్లు తీసేయాలంటారు. వేళకు ముందు ఒక బండి కూత పెట్టుకుంటూ వీధంతా తిరుగుతుంది. తీయని కారును పక్క వీధికి లాగేస్తారు. వెనకే మంచును నమిలి గొట్టంలోంచి లారీలోకి ఊసే యంత్రం, దాని వెంట లారీల బారు. అర్ధరాత్రి రెండింటికి ఈ ఊరేగింపు చూడ్డానికి బాల్కనీలో నిలబడిపోయాను. చాలా లారీలు ఫ్రాంకన్ అనే పాత రాతిక్వారీకి చేరతాయి. అక్కడి మంచు గుట్ట వేసవిలోనూ పూర్తిగా కరగదు. కారు అద్దెకు తీసుకున్నవాళ్లు ఏ వీధిలో ఏ పూట మంచు తీస్తారో నగరపాలక సంస్థ చెప్పేది చూసుకుంటూ ఉండాలి, లేదంటే పొద్దున్నే కారు కోసం వీధులు వెతకాల్సిందే. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ బెంగ అద్దెకిచ్చేవాళ్లదే.

అక్కడ బస చూసుకునేటప్పుడు ఫొటోలకు పడిపోవద్దు. పాత ఇళ్లకు పై అంతస్తు మెట్లు బయటే ఉంటాయి, ఇనుపవి, పైగా మెలికలు తిరిగినవి. గడ్డకట్టిన రోజు పెట్టెతో దిగడం నరకం. కింది వాటా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నేల కింది నగరం గొప్పగా చెబుతారు. 30 కిలోమీటర్లు పైనేనట. నిజానికి అది ఒకదాన్నొకటి తాకే మాల్స్, మెట్రో స్టేషన్లు. దారి చూపే బోర్డులు అయోమయం. సప్పోరో సొరంగానికి ఉన్న సూటిదనం దీనికి లేదు.

అమెరికాలో బఫలో గురించి రెండు ముక్కలు చాలు. ఈరీ సరస్సు గడ్డకట్టకముందు దాని మీద చలిగాలి వీస్తే, ఇరుకైన పట్టీలాగా మంచు కురుస్తుంది. 2014 నవంబర్‌లో దక్షిణాన ఉన్న శివార్లలో మనిషెత్తు పడితే, ఉత్తరాన పాదం కూడా మునగలేదు. అందుకే ‘బఫలోలో వాతావరణం’ అని చూసి బయల్దేరితే పనికిరాదు, పేట పేరుతో చూడాలి. డ్రైవింగ్ నిషేధం పెట్టారంటే అది సలహా కాదు, ఆజ్ఞ. దారిలో ఇరుక్కుంటే ఇంజిన్ నడపడానికి ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వాలి. గొట్టం పూడితే వాసనైనా రాని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది.

ఆల్ప్స్‌లో ఆడపిల్లను అత్తారింటికి పంపినంత జాగ్రత్త. ఎందుకంటే అక్కడి భయం పడే మంచు కన్నా జారే మంచుతో. స్విట్జర్లాండ్‌లో దావోస్‌లోని సంస్థ శీతాకాలంలో రోజూ మంచు చరియల (అవలాంచ్) ప్రమాద సూచిక ఇస్తుంది, 1 నుంచి 5 వరకు. చాలామంది 4, 5లకే భయపడతారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది 3 ఉన్న రోజుల్లో, వాలుల మీదకు జనం ధైర్యంగా వెళ్తారు కాబట్టి. నేను చూసిన జెర్మట్ కార్లు లేని ఊరు. రైలొక్కటే ఆధారం. 2018 జనవరిలో దారులన్నీ మూతపడి 13 వేలమంది యాత్రికులు చిక్కుకుపోయారు, కొందర్ని హెలికాప్టర్లలో దింపారు. వాలుల మీద ఉక్కు కంచెలు, రోడ్ల మీద కాంక్రీటు కప్పులు, నరకనివ్వని అడవులు ఇవన్నీ ఉన్నా సరే. అలాంటిచోట తిరుగు ప్రయాణానికి, విమానానికి మధ్య ఒక రోజైనా ఖాళీ ఉంచుకోవాలి. బసల్లో బూట్లు ఆరబెట్టే గది ఉండడం అక్కడ మామూలు. మిగతా ఊళ్లవాళ్లు ఈ ఒక్కటి నేర్చుకుంటే ఎంత బాగుండు.

కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో మంచు నాణ్యతకు వంక పెట్టలేం. గొండోలా (కేబుల్ కారు) పై దశ దాదాపు 4 వేల మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. చిక్కంతా తంగ్‌మర్గ్ నుంచి పైకి 13 కిలోమీటర్లలో ఉంది. మంచు పడిన రోజు శ్రీనగర్ టాక్సీ అక్కడే దింపేస్తుంది, చైన్లు బిగించిన బండి మారాలి. మేమెక్కిన బండి డ్రైవర్ ఒక మలుపు దగ్గర దిగి, జారిన చైన్‌ను ఒట్టి చేతులతో సర్ది, వేళ్లను ఫిరన్ అనే వదులు అంగీ లోపలి కాంగ్డీ, అంటే నిప్పుల కుంపటి మీద కాచుకుని మళ్లీ స్టీరింగ్ పట్టాడు. ‘ఆగనా సార్, పోనివ్వనా?’ అని అడగలేదు, అడిగే పనీ లేదు. నేను దిగిన హోటల్లో హీటర్ రాత్రి కొన్ని గంటలే అన్నారు, అదీ బుకింగ్‌లో రాయలేదు. కరెంటు పోతే జనరేటర్ ఉందా, గదిలో బుఖారీ (గదిని వేడిచేసే పొయ్యి) ఉందా, అది రాత్రంతా మండుతుందా అని ముందే ఫోన్ చేసి అడగండి. బుఖారీ మండుతుంటే కిటికీ వేలెడంత తెరిచే పడుకోవాలి. శ్రీనగర్‌లో హమామ్ ఉన్న ఇల్లు దొరికితే ఇవేమీ అక్కర్లేదు. కింద కట్టెలు మండి, పైన రాతి నేల మొత్తం వెచ్చబడుతుంది. నా ప్రయాణాలన్నిటిలో వీపు ఆనించి హాయిగా నిద్రపోయింది అక్కడే.

డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, చలి ముదిరే కాలం. మంచు కోసమైతే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వెళ్లడం మంచిది. తిరుగు ప్రయాణం మాత్రం ఉదయం విమానానికి పెట్టుకోకండి. పొగమంచు విడేసరికి మధ్యాహ్నమవుతుంది.